ఏడురాళ్ల కమ్మ కోసం ఒక మిషను

మెటల్ డిటెక్టర్ కొనాలనుకుంటున్నానని చెప్పగానే మన క్లాసులో అందరూ అడిగిన మాట ఒక్కటే: "ఎక్కడే నిధి?" ఒకమ్మాయి అయితే అప్పుడే వాటా కూడా అడిగేసింది. లంకెబిందెల కథలు వింటూ పెరిగినవాళ్లం కదా, నేల కింద బంగారం తప్ప ఇంకేమీ ఉండదనుకుంటాం. ఉండేది ముఖ్యంగా మేకులు, సీసా మూతలు, బ్లేడ్లు, బిస్కెట్ పొట్లాల రేకు. మూడు నెలలుగా నేను చదువుతున్నది, వీడియోల్లో చూస్తున్నది ఇదే. గోడపత్రికకి తెలిసిన విషయం రాయమన్నారు మేడమ్. ప్రస్తుతానికి నాకు బాగా తెలిసింది ఇదొక్కటే.

నాకు కావలసినది ఒక చెవి కమ్మ. మా అవ్వది. అవ్వ అంటే అమ్మ వాళ్లమ్మ, గుత్తిలో ఉంటుంది. పెళ్లికి వాళ్లమ్మ పెట్టిన ఏడురాళ్ల కమ్మల్లో ఒకటి 1989లో పోయింది. అమ్మ అప్పుడు తొమ్మిదో తరగతి. పొద్దున పెరట్లో బట్టలబండ దగ్గర అవ్వ దుప్పట్లు ఉతికింది, సాయంత్రం తల దువ్వుకుంటూ చూసుకుంటే ఒక చెవి బోసిగా ఉంది. దీపాలు పెట్టి రాత్రి దాకా వెతికారట. తెల్లారి తాత, అంట్లు తోమే ఆవిడని వీధిలోనే నిలబెట్టి అడిగాడు. ఆరేళ్లు ఇంట్లో పనిచేసిన మనిషి. ఆమె తన కొంగు విప్పి అందరి ముందూ దులిపి చూపించి, ఆ రోజు కూలి కూడా తీసుకోకుండా వెళ్లిపోయింది. మళ్లీ ఆ వీధిలోకి రాలేదు. తాత చనిపోయి చాలా ఏళ్లయింది. అవ్వ మాత్రం ఇప్పటికీ చెప్తుంది: "పోయిన సొమ్ము పోయింది పాపా. ఆయమ్మని అనిన మాటే యాడికీ పోల్యా."

ఇప్పుడెందుకు ఇంత తొందర అంటే, మామ పెరట్లో షాపులు కట్టిస్తున్నాడు. సంక్రాంతి తర్వాత కాంక్రీటు పోస్తారు. ఆ తర్వాత ఎంత గొప్ప మిషనైనా చేసేదేమీ లేదు.

మా ఇంట్లో రెండు భాషలు. అమ్మతో తెలుగు, అప్పాతో కన్నడం, తమ్ముడితో రెండూ కలిపి తిట్లు. అప్పా ఒక లాయరు దగ్గర గుమాస్తా. నేను మూడు కంపెనీల పేర్లు, రేట్లు రాసుకున్న కాగితం చూపిస్తే కళ్లజోడు సర్దుకుని ఒకటే అడిగారు: "మొదలు ఎల్లి అగీతీయ, అదన్న హేళు." ముందు ఎక్కడ తవ్వుతావో అది చెప్పు, అని. కొత్తగా డిటెక్టర్ కొనేవాళ్లకి ఇచ్చే సలహాలు చాలా చదివాను గానీ ఇంత పనికొచ్చిన ప్రశ్న ఇంకెవరూ అడగలేదు. ఎక్కడ అన్నది తేలకపోతే ఏది కొనాలో తేలదు. ఉప్పునీటి బీచ్‌కి ఒక రకం, ఎర్రమన్ను పొలానికి ఒక రకం, మేకులు నిండిన పాత పెరడుకి ఇంకో రకం. అప్పా అడిగింది మాత్రం మట్టి గురించి కాదు, చట్టం గురించి.

మనం చూసే వీడియోలు ఎక్కువగా ఇంగ్లండువి. అక్కడ పొలం యజమాని ఒప్పుకుంటే ఆదివారం పూట హెడ్‌ఫోన్లు పెట్టుకుని తిరగొచ్చు. 1996 నాటి చట్టం ప్రకారం నిధి కిందికి వచ్చేది దొరికితే చెప్పి తీరాలి. మామూలు పాత వస్తువులు దొరికితే ఇష్టపూర్వకంగా చూపించి నమోదు చేయించుకునే పద్ధతి కూడా ఉంది. 2009లో స్టాఫర్డ్‌షైర్‌లో ఒకాయన తన డిటెక్టర్‌తో పొలంలో వెతుకుతుంటే ఆంగ్లో సాక్సన్ల కాలం నాటి బంగారు రాశి బయటపడింది. ఆ వీడియో చూసి గుత్తి కోట కిందకి మిషను పట్టుకుని పోతే మనకి బహుమానం రాదు, పోలీసు జీపు వస్తుంది. ఆ కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. అలాంటి చోట అనుమతి లేకుండా తవ్వడం నేరం. ఇక మామూలు నేల అయినా 1878 నాటి నిధుల చట్టం ఒకటుంది. నేలలో దాగి ఉన్నది ఏది దొరికినా, దాని విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకి రాతపూర్వకంగా తెలియజేయాలి. పది రూపాయలే! 1878లో పది రూపాయలంటే పెద్ద మాటే గానీ ఇప్పుడు మన క్యాంటీన్‌లో టీ కూడా రాదు. కర్ణాటకకి 1962లో వేరే చట్టం వచ్చింది. అంటే ఇక్కడ ఈ హాబీకి చోటు చాలా చిన్నది: మన సొంత ఇల్లు, లేదా మనల్ని పిలిచినవాళ్ల ఇల్లు, వాళ్లు పోగొట్టుకున్న వస్తువు. కబ్బన్ పార్కులో తవ్వనివ్వరు, లాల్‌బాగ్‌లో తవ్వనివ్వరు, బెంగళూరుకి సముద్రమా లేదు.

అవ్వ కమ్మ విషయంలో అప్పాకి అభ్యంతరం లేదు. "అదు నిధి అల్ల, అదర యజమాని ఇన్నూ ఊట మాడ్తా ఇద్దారె" అన్నారు. సొంతదారు ఇంకా భోంచేస్తూనే ఉంది కదా అని.

చట్టం ఇంత గట్టిగా ఎందుకుందో గుత్తి చుట్టుపక్కల తిరిగితే తెలుస్తుంది. ఆ వైపు జనానికి నేల అంటే లాటరీ టికెట్టు. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు పొలాల్లో వేరే జిల్లాల నుంచి కూడా జనం వచ్చి, వంగి, మట్టిలో మెరిసే రాళ్ల కోసం వెతుకుతారు. నేను మిషను కొంటున్నానని తెలిసి మామ మొదట అడిగింది వజ్రాల సంగతే. వజ్రం లోహం కాదు మామా, ఏ మిషనూ దానికి పలకదు అంటే అంతదాకా ఉన్న ఉత్సాహం సగమైంది. అదే తుగ్గలి మండలంలో చెన్నంపల్లి కోట ఉంది. 2017 డిసెంబరులో అక్కడ నిధి ఉందని ప్రభుత్వమే తవ్వకాలు మొదలుపెట్టించింది. ఊళ్లో కొందరు వద్దని అడ్డుపడ్డారు. రోజుల తరబడి తవ్వితే ఇటుకలు, ఎముకలు బయటపడ్డాయి, బంగారం లేదు. ప్రభుత్వం సంగతే అలా ఉంటే దొంగచాటుగా తవ్వేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. పాడుబడ్డ గుడిలో నందిని పగలగొట్టారనో, గుప్తనిధుల ముఠా దొరికిందనో జిల్లా పేపర్లలో వార్తలు వస్తూనే ఉంటాయి. స్వాధీనం చేసుకున్న వస్తువుల్లో నిమ్మకాయలు, కుంకుమ, మెటల్ డిటెక్టర్ పక్కపక్కనే ఉంటాయి. నేను కొనబోయే వస్తువుకి మన ఊళ్లలో ఉన్న పేరు అది.

మనం అమరావతి స్తూపం గురించి చదువుకున్నాం కదా. ఆ దిబ్బని 1790ల్లో స్థానిక జమీందారు మనుషులు తవ్వి రాళ్లు తీసుకుపోతుంటే, 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. అప్పటికే చాలా పోయింది. ఏ రాయి ఎక్కడ నిలబడి ఉండేదో ఇప్పుడు ఊహించుకోవలసిందే. మన బెంగళూరులో 1891లో యశ్వంతపుర దగ్గర రైలు పనులు చేస్తుండగా రోమన్ వెండి నాణేలు దొరికాయి. వాటిని ఎవరో కరిగించి మురుగులు చేయించుకుని ఉంటే రోము డబ్బు ఇక్కడిదాకా వచ్చిందన్న ముక్కే మనకి అందేది కాదు. నాకు వీటన్నిట్లో ఇష్టమైనది మస్కి కథ. 1915లో బీడన్ అనే బంగారు గనుల ఇంజనీరు రాయచూరు వైపు తిరుగుతూ ఒక బండ మీద రాతలు చూశాడు. అది అశోకుడి శాసనం. దేవానాంపియ అన్న బిరుదుతో పాటు అశోకుడన్న సొంత పేరు కూడా ఉన్న శాసనం. బంగారం మనిషికి రాయి దొరికింది. ఆయన దాన్ని పగలగొట్టకుండా పదిమందికి చెప్పాడు, అంతే.

సరే, మిషను దగ్గరకి వద్దాం.

డిటెక్టర్ పనిచేసే తీరు ఇంటర్మీడియట్ ఫిజిక్సే. కర్ర చివర ప్లేటులా కనిపించేదే కాయిల్. అందులోని రాగితీగ చుట్టలో కరెంటు అటూ ఇటూ వేగంగా మారుతుంటుంది, దానివల్ల నేలలోకి అయస్కాంత క్షేత్రం దిగుతుంది. అక్కడ లోహం ఉంటే అందులో చిన్న సుడి ప్రవాహాలు పుడతాయి. అవి తమ సొంత క్షేత్రాన్ని పైకి పంపిస్తాయి. ఇంకో తీగచుట్ట దాన్ని విని చెవిలో మోగుతుంది. లోహాన్ని బట్టి ఆ జవాబు కొంచెం ముందూ వెనకా వస్తుంది, ఆ తేడాని మిషను ఒక అంకెగా చూపిస్తుంది. ఇనుము అడుగున, వెండి, రాగి పైన.

టెలిఫోన్ గ్రాహంబెల్ కూడా ఇలాంటిది ఒకటి తయారుచేశాడు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ మీద కాల్పులు జరిగితే, ఒంట్లో దిగిన గుండు ఎక్కడుందో కనుక్కోవడానికి తీసుకెళ్లాడు. మంచంలోని ఉక్కు స్ప్రింగులు అడ్డొచ్చాయంటారు. దానికి తోడు గుండు కుడిపక్కే ఉందని డాక్టరు గట్టిగా నమ్మి ఆ పక్కే వెతకనిచ్చాడు. అది ఎడమపక్క ఉంది. గార్‌ఫీల్డ్ బతకలేదు. ఇది చదివినప్పుడు నాకు గుత్తిలో మా వీధి గుర్తొచ్చింది. 1989లో మావాళ్లు కూడా ఒక పక్కే వెతికారు.

కొత్తవాళ్లు పెట్టె మీద రాసిన లోతు చూసి మోసపోతారు. మామూలు హాబీ మిషను నాణెమంత వస్తువుని జానెడు లోతులో పట్టుకుంటే గొప్ప. ఇంకా చిన్నదైతే ఇంకా తక్కువ. మూడు మీటర్లు, ఐదు మీటర్లు అని రాసి ఉంటే అది బిందెంత పెద్ద లోహం గురించి అయినా అయి ఉండాలి, అబద్ధమైనా అయి ఉండాలి. కిలోమీటరు దూరం నుంచే బంగారం దిక్కు చూపించే యాంటెన్నా కర్రలు కూడా అమ్ముతారు, వాటి జోలికి అసలు పోకండి. అలాంటి ఉత్తుత్తి కర్రనే బాంబులు కనిపెట్టే యంత్రమని ఇరాక్‌కి అమ్మిన మెకార్మిక్ అనే ఇంగ్లండు వ్యాపారికి 2013లో పదేళ్ల జైలు పడింది. గోల్ఫ్ బంతులు వెతికే సరదా బొమ్మ నుంచి పుట్టింది ఆ యంత్రం. మన దగ్గర రైస్ పుల్లింగ్ చెంబుల పేరుతో లక్షలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు కదా, దానికి ఇది అన్న వరస.

అందరూ అడిగే ఇంకో సెట్టింగ్ ఉంది, డిస్క్రిమినేషన్. చెత్త లోహానికి మోగకుండా చేసుకోవచ్చు. వినడానికి బాగుంటుంది. మేకులు వద్దు, రేకు వద్దు, బంగారానికి మాత్రం మోగు అని చెప్పొచ్చనుకున్నా. అలా కుదరదని తెలిసిన రోజు నిజంగా నీరసం వచ్చింది. చిన్న బంగారు వస్తువు చూపించే అంకె, సిగరెట్ పెట్టెలోనో బిస్కెట్ పొట్లంలోనో ఉండే అల్యూమినియం రేకు చూపించే అంకె దాదాపు ఒకే చోట పడతాయి. రేకును వద్దంటే బంగారాన్ని కూడా వద్దన్నట్టే. కమ్మ కావాలంటే పెరట్లో ముప్పై ఆరేళ్లుగా పడ్డ ప్రతి రేకుముక్కనీ తవ్వి తీసి చూడాల్సిందే. ఎంత డబ్బు పెట్టినా దీనికి అడ్డదారి లేదు. వీడియోల్లో ఎవరూ చెప్పరు గానీ ఈ హాబీలో ఎక్కువ భాగం ఓపిగ్గా చెత్త ఏరడమే.

మన ఫెస్ట్ రోజు గేటు దగ్గర సెక్యూరిటీ అక్క చేతిలో ఉన్న కర్ర గుర్తుందా? బ్రేక్‌లో ఆ అక్కని బతిమాలి, నా చెవిపోగు తీసి పరీక్ష చేశా. మూడు వేళ్ల ఎడం దాకా మోగింది, నాలుగో వేలు పెడితే మూగబోయింది. అక్క నవ్వి, "ఇది కత్తులకమ్మా, కమ్మలకి కాదు" అంది. తమ్ముడితో ఎస్.పి. రోడ్డుకి కూడా వెళ్లా. అక్కడ దొరికేవి ఎక్కువగా ఆ సెక్యూరిటీ కర్రలే. సొంతంగా సర్క్యూట్ చేసుకోవడానికి విడిభాగాలు కావాలంటే మాత్రం స్వర్గం. తమ్ముడు రెండు వందలలో చేసిస్తానన్నాడు. వాడు చేసింది ఇంట్లో గ్యాస్ సిలిండరుని పట్టుకుంది, దాన్ని మేం కళ్లతోనే పట్టుకోగలం.

నేలలో దిగే ఫ్రీక్వెన్సీ సంగతి కొంచెం చూసుకోవాలి. తక్కువ ఫ్రీక్వెన్సీ పెద్ద వెండి, రాగి నాణేలకి బాగుంటుంది. ఎక్కువ ఫ్రీక్వెన్సీ చిన్న బంగారాన్ని బాగా చూస్తుంది, కానీ ఇనుపరజను ఉన్న మన ఎర్రనేలకి కూడా ఎక్కువ గొడవ చేస్తుంది. గ్యారెట్ ఏస్ 300 నడిచేది 8 కిలోహెర్ట్జ్‌లో. నోక్టా సింప్లెక్స్ 12లో. మైన్‌ల్యాబ్ వాంక్విష్ ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలు వాడుతుంది. బంగారు రవ్వల కోసమే చేసిన గోల్డ్ మాన్‌స్టర్ 45లో నడుస్తుంది. అది చూసి కాసేపు ఆశపడ్డా, కానీ మేకుల పెరట్లో దాన్ని పట్టుకుంటే చెవులు పోతాయి. నేలకి తగ్గట్టు సర్దుకునే గ్రౌండ్ బ్యాలెన్స్ లేని చవక మిషన్లు గుత్తి మన్నులో ఊరికే కూస్తూనే ఉంటాయి, అందుకని అవీ కొట్టేశా.

చివరికి 12 కిలోహెర్ట్జ్‌దే అనుకున్నా, కొంచెం చిన్న కాయిల్‌తో. కాయిల్ పెద్దదైతే లోతు ఎక్కువ గానీ పక్కపక్కన ఉన్న మేకునీ కమ్మనీ విడదీయలేదు. నాకు లోతు కన్నా అదే ముఖ్యం. దాంతో పాటు గుంటలో ఖచ్చితంగా ఎక్కడుందో చూపించే పిన్‌పాయింటర్, గునపం బదులు చిన్న తాపీ, ఒక జల్లెడ. ఖర్చు నా రెండేళ్ల ట్యూషన్ డబ్బులు కొన్ని, మిగతాది మామ. వజ్రాలు రావని తెలిసినా సగం ఇస్తానన్నాడు పాపం.

అమ్మ మాత్రం చాలా రోజులు ఏమీ అనలేదు. ఒకరోజు చపాతీలు ఒత్తుతూ అంది: "దొరక్కపోతే ఏమనుకుంటావ్? ఆయమ్మ తీసిందనే కదా మళ్లీ అందరూ అనేది?" దానికి నా దగ్గర జవాబు ఉంది, టెక్నికల్ జవాబే. మోగనంత మాత్రాన లేనట్టు కాదు. పెరట్లో సగం మీద తాత ఉన్నప్పుడే ట్రాక్టరుతో గరుసు తోలించారు. అక్కడ కమ్మ ఉంటే నా మిషనుకి అందదు. రాయిపక్కనే మేకు ఉంటే దాని మోతలో కలిసిపోతుంది. కాలవలో పడి కొట్టుకుపోయి ఉండొచ్చు. మిషను దొరికిందని చెప్పగలదు గానీ, దొంగిలించారని ఎప్పటికీ చెప్పలేదు. ఇదంతా చెప్పా. అమ్మ విని, "మరి ఇంత తెలిసినప్పుడు ఆయమ్మ దగ్గరికి పోవడానికి కమ్మ దొరకాల్నా?" అంది. చపాతీ పెనం మీద వేసి, మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

పోయిన వారం అవ్వకి ఫోన్ చేసి ఇదంతా చెప్పింది అమ్మే. ఆయమ్మ గుంతకల్లులో కూతురి దగ్గర ఉందట, కళ్లు సరిగ్గా కనపడవట. దసరా సెలవుల్లో మేం వెళ్లగానే మొదట గుంతకల్లుకి పోవాలని, ఆ తర్వాతే పెరడు అని అవ్వ చెప్పిందట. మిషను కూడా తీసుకురమ్మంది.

నాకింకో పని కూడా ఉంది. రెండో కమ్మ అవ్వ ట్రంకుపెట్టెలో పసుపు డబ్బీలో ఉంది, ఒక్కదాన్ని ఎప్పుడూ పెట్టుకోలేదు. దాన్ని నాలుగంగుళాల లోతులో పాతిపెట్టి, మిషను దానికి ఏ అంకె చూపిస్తుందో రాసుకోవాలి. జత కాబట్టి పోయినదానికీ అదే అంకె రావాలి. ఇది అడిగితే అవ్వ ఫోన్‌లో కాసేపు మాట్లాడలేదు. "ఉండేది ఒగటి. దాన్ని గూడా మట్టిలో పెట్టమంటావా మే?" అంది. ఎర్రదారం కట్టి పాతుతానని, దారం కొస తనే పట్టుకోవచ్చని చెప్పాక ఒప్పుకుంది. పెరడుని తాడుతో గళ్లుగా విభజించి గరుసు వేయని వైపు నుంచి, బట్టలబండ పక్కనే మొదలుపెడతాం.